ట్రెక్కింగ్ బ్యాగు ఇంట్లోనే ఉతుక్కుందాం – 2వ పాఠం: నానబెట్టడం, ఆరబెట్టడం

గత పాఠంలో బ్యాగు పూర్తిగా ఖాళీ చేసి, వెన్ను భాగంలోని అల్యూమినియం పట్టీలూ ప్లాస్టిక్ షీటూ బయటికి లాగి, ఊడివచ్చే నడుము బెల్టును వేరుచేశాం. ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం.

ముందుగా మట్టి. మారేడుమిల్లి కొండలు తిరిగొచ్చిన బ్యాగుకు ఎర్రమన్ను ఉంటుంది, లంకల్లో నడిచొస్తే ఒండ్రు అంటుకుని ఉంటుంది. ఏదైనా సరే, తడిగా ఉండగా చెయ్యి పెట్టొద్దు. ఒండ్రు రేణువు చాలా సన్నం. తడిమీద రుద్దితే నేతలోకి దిగిపోయి మరక అవుతుంది. నీడలో ఎండనిచ్చి, పెళుసుగా పెచ్చులు లేచాక మెత్తటి బ్రష్షుతో దులపండి. జిప్పులన్నీ తెరిచి, బ్యాగు తలకిందులు చేసి, అడుగు మూలల్ని చేత్తో తట్టండి. అక్కడ దాగిన ఇసుకే జిప్పు పళ్ళను అరగదీస్తుంది.

వాషింగ్ మెషీన్‌లో వెయ్యొద్దు. భుజం పట్టీలు మెలిపడతాయి, బకిళ్ళు విరుగుతాయి. అంతకంటే పెద్ద నష్టం గుడ్డ లోపలివైపున్న పాలీయురేథేన్ పూతకు. నీళ్ళు లోపలికి రాకుండా ఆపేది అదే. గట్టిగా తిప్పినా పిండినా మడతల దగ్గర చిట్లుతుంది, వేడినీళ్ళకు ఊడుతుంది. పూత ఇప్పటికే జిగురుగా ఉండి, పులిసిన వాసన వస్తూ, వేలికి పొట్టులా రాలుతుంటే అది గాలిలోని తేమకు విరిగిపోయిందని అర్థం. ఎంత ఉతికినా తిరిగిరాదు.

నీళ్ళ విషయంలో డెల్టాలో కాస్త ఆలోచించాలి. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో చాలా బోర్లు ఉప్పునీళ్ళే ఇస్తాయి. వరదల్లో కాలువలోకి వచ్చేది ఎర్రనీరు. బోరు నీళ్ళతో మొదటి విడత ఉతకొచ్చు, ఆఖరి జాడింపుకు మాత్రం కుళాయి నీళ్ళో పట్టిన వాన నీళ్ళో రెండు బకెట్లు దాచుకోండి. ఉప్పునీళ్ళతోనే ముగిస్తే, ఆరాక జిప్పుల మీద తెల్లగా పొడి తేలుతుంది. కాలువ నీళ్ళయితే రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరినవే వంచుకోండి.

బట్టల సబ్బు బిళ్ళ వద్దు: ఉప్పునీళ్ళలో విరిగి తెల్లటి తెట్టు కట్టి నేతకు అంటుకుంటుంది. పొడి సబ్బు పూర్తిగా కరగకపోతే జిప్పుల్లో మిగులుతుంది. కుంకుడు రసం తలకు మంచిదే గానీ, దాని పిప్పి వీపు జాలీలో ఇరుక్కుంటుంది, లేతరంగు గుడ్డకు చాయ దిగుతుంది. బ్లీచూ, బట్టలు మెత్తబడటానికి ఆఖర్న కలిపే సువాసన ద్రవమూ అసలే వద్దు. ఘాటులేని ద్రవ డిటర్జెంటు చాలు. 25 లీటర్ల చల్లటి లేదా గోరువెచ్చని నీళ్ళకు రెండు టీస్పూన్లు, అంటే 10 మిల్లీలీటర్లు. నురగ ఎక్కువ వస్తే మురికి ఎక్కువ పోతుందనుకోవద్దు, జాడించడానికి నీళ్ళే ఎక్కువ పడతాయి.

అసలు మురికంతా భుజం పట్టీల్లో, నడుము బెల్టులో ఉంటుంది. చెమట ఉప్పు తెల్లటి చారలుగా పైకి కనిపించేది కొంతే, మిగతాది ఫోములో ఉంటుంది. గ్లాసు నీళ్ళలో అర టీస్పూను డిటర్జెంటు కలిపి, పాత టూత్‌బ్రష్షుతో పట్టీలకూ వీపు జాలీకీ పట్టించి పది నిమిషాలు వదలండి. తర్వాత బ్యాగంతా టబ్బులో ముంచి అరగంట నానబెట్టండి. లోపలి పూతను స్పాంజితో తుడవండి, బ్రష్షు తాకనివ్వొద్దు. పట్టీని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నొక్కి వదలండి. మొదటి నొక్కుకు చిక్కటి టీ రంగు నీళ్ళు దిగుతాయి. వదలగానే ఫోము టబ్బులోని నీళ్ళు పీల్చుకుంటుంది. రంగు పలచబడేదాకా అలాగే నొక్కుతూ ఉండండి. రుద్దడంకంటే ఈ నొక్కుడే పని చేస్తుంది.

జాడించడానికి మూడు నాలుగుసార్లు నీళ్ళు మార్చాలి. సబ్బు పోయిందో లేదో చూడాలంటే పట్టీని గాజు గ్లాసులోకి పిండినట్టు నొక్కి, ఆ నీళ్ళను గిలకొట్టండి. బుడగలు నిలిస్తే ఇంకోసారి జాడించండి. సబ్బు మిగిలిన గుడ్డ వాన నీటిని జార్చదు, పీల్చుకుంటుంది. పైగా వచ్చే నడకలో భుజాల మీద చెమటతో కలిసి చర్మం మండుతుంది.

ఇక ఆరబెట్టడం. మన దగ్గర ఉతకడంకంటే ఇదే కష్టం, బ్యాగులు పాడయ్యేదీ ఇక్కడే. మెలిపెట్టి పిండొద్దు. పాత తువ్వాలు చుట్టి అదిమి, ఆ తువ్వాలును పిండుకోండి. అరలన్నీ తెరిచి, తలకిందులుగా, రెండుచోట్ల దండేనికి కట్టి నీడలో వేలాడదీయండి. ఎండకు త్వరగా ఆరుతుంది నిజమే, కానీ నైలాను దారం బలం తగ్గుతుంది, రంగు వెలుస్తుంది. నాలుగైదు గంటలకోసారి తిప్పి కట్టండి. వానాకాలంలో వరండా సరిపోదు. గదిలో ఫ్యాను కింద పెట్టండి, రెండు మూడు రోజులు పట్టొచ్చు. కుదిరితే ముసురు వదిలేదాకా ఉతుకు వాయిదా వేయడం మేలు.

గుడ్డ కొన్ని గంటల్లో ఆరిపోయి మనల్ని మోసం చేస్తుంది, ఫోము తడిగానే ఉంటుంది. పొడి కాగితం నాలుగు మడతలు పెట్టి, పట్టీ కుట్టు దగ్గర ఒక నిమిషం గట్టిగా అదిమిపట్టండి. కాగితం మెత్తబడితే ఆరలేదు. కాగితం పొడిగా ఉంటే మూత బిగించి ఒక రాత్రి ఉంచి, పొద్దున తెరిచి వాసన చూడండి. ముక్కిన వాసన తగిలితే మళ్ళీ ఫ్యాను కిందికే. నల్లటి బూజు చుక్కలు కనిపిస్తే ఒక వంతు తెల్ల వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్ళు కలిపి, గుడ్డతో అద్ది, ఇరవై నిమిషాలాగి జాడించండి. వాసన పోతుంది, మరక కొంత మిగలొచ్చు.

వచ్చే పాఠం జిప్పులూ కుట్లూ. అప్పటిదాకా అల్యూమినియం పట్టీలు లోపల పెట్టకండి, బ్యాగును ప్లాస్టిక్ కవర్లో చుట్టకండి, తెరిచే ఉంచండి.