జీనోమ్ కూర్పు నేర్చుకుందాం – 4వ పాఠం: దారి తప్పించే రిపీట్లు

పోయిన పాఠంలో రీడ్ల (సీక్వెన్సింగ్ యంత్రం చదివి ఇచ్చే డీఎన్ఏ ముక్కల) అంచులు కలుపుకుంటూ జీనోమ్, అంటే జీవి మొత్తం డీఎన్ఏ, వరుస కట్టాం. ఒకే అక్షరాల వరుస పలుచోట్ల మళ్లీ మళ్లీ వస్తే (వీటినే రిపీట్లు అంటాం) ఆ పద్ధతి ఎక్కడ చతికిలపడుతుందో ఈసారి చూద్దాం. కంప్యూటర్ అక్కర్లేదు, తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు చాలు. ఎప్పటిలాగే డీఎన్ఏ అక్షరాలైన అడినిన్‌కు అ, గ్వానిన్‌కు గ, సైటోసిన్‌కు స, థైమిన్‌కు థ అని రాసుకుందాం.

సీక్వెన్సింగ్ యంత్రం మూడేసి అక్షరాల ముక్కలు ఎనిమిది ఇచ్చిందనుకోండి:

సఅగ, అగథ, గఅగ, థఅగ, అగస, గథఅ, అగగ, గసఅ

ముక్కలోని మొదటి రెండక్షరాలు ఒక కూడలి, చివరి రెండక్షరాలు ఇంకో కూడలి. ఆ రెంటినీ కలిపే బాణమే ముక్క. అంటే సఅగ అనేది ‘సఅ’ నుంచి ‘అగ’కు గీసిన బాణం. ఏ కూడలి పేరైనా కాగితం మీద ఒక్కసారే ఉండాలి. అదే పేరు మళ్లీ వస్తే పాత కూడలికే బాణం గీయండి, కొత్తది పెట్టొద్దు. తొందరలో ఈ నియమం జారిపోతే బొమ్మంతా పాడవుతుంది.

గీశారా? ఇప్పుడు ప్రతి బాణం మీదా సరిగ్గా ఒక్కసారి నడుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు చేరాలి. కోనిగ్స్‌బర్గ్ ఊళ్లోని వంతెనలన్నీ ఒక్కోసారే దాటి రాగలమా అన్న ప్రశ్నకు 1736లో గణితవేత్త ఆయిలర్ తేల్చింది ఇలాంటి లెక్కే. 2001లో పెవ్జ్‌నర్, టాంగ్, వాటర్‌మన్ దాన్ని డీఎన్ఏ కూర్పుకు వాడి చూపించారు. పొట్టి రీడ్లను అతికే వెల్వెట్, స్పేడ్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు లోపల గీసుకునేది మీరిప్పుడు గీసిన బొమ్మలాంటిదే, కాకపోతే కోట్ల బాణాలతో.

‘గఅ’లోకి వచ్చే బాణం లేదు కాబట్టి అక్కడ మొదలుపెట్టాలి. ‘గగ’ నుంచి బయటికి పోయే బాణం లేదు, అక్కడ ఆగాలి. చిక్కంతా ‘అగ’ దగ్గర. మూడు బాణాలు వచ్చి పడుతున్నాయి, మూడు బయటికి పోతున్నాయి. ముందు స వైపు తిరిగితే వరుస గఅగసఅగథఅగగ. ముందు థ వైపు తిరిగితే గఅగథఅగసఅగగ. రెంటిలోనూ ఎనిమిది ముక్కలూ ఉన్నాయి, సరిచూసుకోండి. ఏది అసలు వరుసో ఈ ముక్కలు చెప్పలేవు.

ఇక్కడికి రాగానే చాలామందికి తోచే ఉపాయం, ఇంకా ఎక్కువ రీడ్లు తేవడం. అవే ముక్కలు లక్షసార్లు వచ్చినా ‘అగ’ కూడలి విడిపోదు. కావాల్సింది పొడవు. నాలుగేసి అక్షరాల ముక్కలు తెప్పించండి. అందులో సఅగథ కనిపిస్తే మొదటి వరుస ఖాయం, థఅగస కనిపిస్తే రెండోది. రెండక్షరాల రిపీట్‌ను దాటి అటొక అక్షరం, ఇటొక అక్షరం చూడగలిగిన ముక్కే తీర్పు చెప్పగలదు.

తీర్పు దొరకనప్పుడు మంచి సాఫ్ట్‌వేర్ ఊహించదు, కూడలి దగ్గర తెంపేస్తుంది. మన బొమ్మ తెగితే మిగిలేవి గఅగ, అగసఅగ, అగథఅగ, అగగ. ఈ అనుమానం లేని ముక్కలే కాంటిగ్‌లు.

నిజం పంటలో ఇది ఎంత దెబ్బ తీస్తుందో చూడాలంటే కంది చాలు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆధ్వర్యంలో ఆశ రకం కంది జీనోమ్ కూర్పు 2011లో వెలువడింది. జీనోమ్ అంచనా 83.3 కోట్ల అక్షరాలు, కూర్పులోకి వచ్చింది 60.6 కోట్లు. చదివింది తక్కువై మిగతాది పోయిందా? ల్యాండర్, వాటర్‌మన్ 1988లో ఇచ్చిన సూత్రం ప్రకారం, రీడ్లు ఎక్కడపడితే అక్కడ సమంగా పడుతున్నాయనుకుంటే, సగటున 10 రెట్లు (అంటే ఒక్కో అక్షరాన్ని సగటున పదిసార్లు) చదివినప్పుడు ఏ రీడూ తాకని అక్షరాలు లక్షకు నాలుగైదే. కందికి అవి 38 వేల లోపు. కానీ పోయినవి 22.7 కోట్లు! పైగా వాళ్లు చదివింది వంద రెట్లకు పైమాటే. కంది జీనోమ్‌లో రిపీట్లు దండిగా ఉన్నాయి, అప్పటి ఇల్యూమినా యంత్రాల రీడ్లేమో పొట్టివి. లోటు ఎక్కడిదో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది.

తెగిన ముక్కలు కంది 11 క్రోమోజోమ్‌లలో దేని మీద, ఏ వరుసలో కూర్చుంటాయో చెప్పేది లింకేజీ మ్యాప్. 1913లో జన్యుశాస్త్రవేత్త స్టర్టివాంట్ పండ్ల ఈగల సంకరాలు లెక్కగట్టి ఆరు జన్యువులతో గీసిన మ్యాప్‌కు ఇది వారసురాలు. దాని గురించి 6వ పాఠంలో.

మనిషి జీనోమ్‌లో చివరి 8 శాతం 2022 దాకా ఖాళీగా ఉండిపోవడానికి ప్రధాన కారణం రిపీట్లే. ఆ ఖాళీ పూడ్చింది 15–20 వేల అక్షరాల కచ్చితమైన హైఫై రీడ్లు, లక్ష దాటే నానోపోర్ రీడ్లు. అందుకు ఎంచుకున్న కణాల్లో తండ్రి వైపు ప్రతే రెండుసార్లు ఉంది. తల్లి ప్రతి, తండ్రి ప్రతి కలగాపులగమయ్యే బెడద అలా తప్పింది. తెలివైన ఎంపిక.

ఇక కొలత. కాంటిగ్‌లను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి పొడవులు కూడుతూ పోండి. మొత్తంలో సగం దాటించిన కాంటిగ్ పొడవే ఎన్50. మన నాలుగు ముక్కలు 5, 5, 3, 3. మొత్తం 16, సగం 8. రెండో 5 దగ్గర దాటాం కాబట్టి ఎన్50 విలువ 5. ఈ అంకెను చూసి మురిసిపోయేవాళ్లు ఎక్కువ. నాకు దానిమీద అంత నమ్మకం లేదు. ఎందుకో రెండో అభ్యాసంలో పట్టుకోండి.

అభ్యాసం 1: గఅగ, అగస, గసఅ, సఅగ, అగగ – ఈ అయిదింటికి బొమ్మ గీయండి. ‘అగ’ రెండుసార్లు వచ్చినా వరుస ఒక్కటే వస్తుంది. ఎందుకని?

అభ్యాసం 2: కాంటిగ్‌లు 90, 70, 50, 40, 30, 20. ఎన్50 కట్టండి. తర్వాత సంబంధం లేని 90నీ 70నీ పొరపాటున అతికించి మళ్లీ కట్టండి.

అభ్యాసం 3: పాఠంలోని ఎనిమిది ముక్కల్లో గసఅ తీసేయండి. ఈ తెగుడుకూ రిపీట్ వల్ల వచ్చే తెగుడుకూ బొమ్మలో తేడా ఎలా కనిపిస్తుంది?

జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. అందులో రీడ్‌లో ఒక్క అక్షరం తప్పుపడితే బొమ్మలో ఎన్ని దొంగదారులు పుడతాయో చూద్దాం.