దుబాయ్ ప్రయాణం: సూట్‌కేసు మూసే ముందు

వంటింటి సామాను ముందు చూడండి. గసగసాలు అక్కడ నిషేధం. విడిగానే కాదు, మసాలా పొడిలో కలిసి ఉన్నా ఇబ్బందే. ఇంట్లో కొట్టిన పొడులు గసగసాలు వేయనివైతేనే పెట్టుకోండి. కిళ్లీ సామానూ వద్దు.

మందుల విషయంలో నిర్లక్ష్యం అసలు పనికిరాదు. నొప్పికి వాడే ట్రమడాల్ మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, కొన్ని నిద్రమాత్రలు అక్కడ నియంత్రిత మందులు. వాటికి డాక్టరు చీటీ ఒక్కటే చాలదు; యూఏఈ ప్రభుత్వం నుంచి ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. మిగతావి కత్తిరించని స్ట్రిప్పుల్లో, చీటీతో సహా హ్యాండ్‌బ్యాగులో ఉంచండి.

పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువుండాలి. ప్లగ్గు పిన్నులు పలకగా ఉంటాయి, అడాప్టర్ కావాలి. వాట్సాప్‌లో మెసేజీలు వెళ్తాయి, కాల్స్ మామూలుగా కలవవు. ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పండి, కంగారు పడతారు.

నవంబరు నుంచి మార్చి వరకు వెళ్లడం మేలు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మాల్స్‌లో మాత్రం ఏసీ చలి. పిల్లలకు పల్చటి స్వెట్టర్ ఉంచండి.

మెట్రోలో తినడం, తాగడం, చూయింగ్ గమ్ నమలడం చేస్తే 100 దిర్హమ్‌ల జరిమానా. స్త్రీలు, పిల్లల పెట్టెలోకి మగవాళ్లు ఎక్కకూడదు.

ఎడారి సఫారీకి 2 గంటల ముందే తేలిగ్గా తినండి. ఇసుక దిబ్బల మీద జీపు కుదుపులకు వాంతులవుతాయి. గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆ కుదుపుల జోలికి వెళ్లొద్దు. నేరుగా క్యాంపుకు తీసుకెళ్లే బండి ఉందేమో బుకింగ్ అప్పుడే అడగండి.

అనుమతి లేకుండా ఎవరి ఫొటో తీసినా అక్కడ నేరమే.