కెమెరా పాఠాలు – 7: తెల్లది తెల్లగా, నల్లది నల్లగా

పోయిన పాఠంలో ఇచ్చిన పని చాలామందికి కుదరలేదు. ఎం (మాన్యువల్) మోడ్‌లో అపర్చర్, అంటే లెన్స్ కన్నం, కదపకుండా షట్టర్ తెరుచుకునే సమయం 1/60 సెకను దగ్గర ఒక ఫోటో, 1/500 దగ్గర ఒకటి తీయమన్నాను. రెండోది మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగం) చీకటిగా రావాలి. మీకు రెండూ ఒకేలా వచ్చాయి. కెమెరా పాడవలేదు. ఐఎస్ఓ, అంటే ఫోటో వెలుగుని పెంచే అంకె, ఆటోలో ఉండిపోయింది. ముందు ఇది తేల్చుకుందాం.

షట్టర్ 1/60 నుంచి 1/500కి వెళ్తే సెన్సర్‌కి అందే వెలుతురు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అది చూసి కెమెరా ఐఎస్ఓని 400 నుంచి 3200కి, అంటే సరిగ్గా ఎనిమిది రెట్లు పెంచేసింది. మీరు తగ్గించిన వెలుతురుని మీకు తెలియకుండానే పూడ్చేసింది. రెండో ఫోటోను పెద్దది చేసి నీడపడ్డ మూల చూడండి, సన్న ఇసుక చల్లినట్టు గరుగ్గా ఉంటుంది. ఫోటో వివరాల్లో ఐఎస్ఓ అంకె కూడా అదే చెబుతుంది.

ఎం మోడ్ మీ చేతికిచ్చేది షట్టర్, అపర్చర్ మాత్రమే. ఐఎస్ఓ సంగతి వేరే. కానన్, సోనీ కెమెరాల్లో ఆటో బదులు అంకె పెడితే చాలు. నికాన్‌లో ఒక మెలిక ఉంది: మీరు 400 పెట్టినా, మెనూలో ఆటో ఐఎస్ఓ కంట్రోల్ ఆన్‌లో ఉంటే ఆ 400 కనీస హద్దు మాత్రమే. వెలుతురు చాలకపోతే కెమెరా దాన్ని దాటేస్తుంది. మెనూలోకి వెళ్లి ఆఫ్ చేయాల్సిందే. పెళ్లి మంటపంలో, నిమిషానికో వెలుతురు మారే చోట ఆటో ఐఎస్ఓ మంచి పనిముట్టే. నేర్చుకునే రోజుల్లో మాత్రం మీ తప్పు మీకు కనబడనివ్వదు, అందుకే నాకు దాని మీద కోపం.

ఇక ఈ వారం పని. తెల్లవారుజామున బెంగళూరు కేఆర్ మార్కెట్ పూల అంగళ్లకి వెళ్లండి. అక్కడి బల్బులతో ముందే జాగ్రత్త: మన కరెంటు సెకనుకి 50 ఆవర్తాలు తిరుగుతుంది, ఒక్కో ఆవర్తంలో వెలుగు రెండుసార్లు తగ్గుతుంది, కాబట్టి చాలా బల్బులు సెకనుకి వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ 1/500 దగ్గర ఫోటోలో అడ్డచారలు పడతాయి. ఒక మినుకు మొత్తం పట్టేలా షట్టర్ 1/100 దగ్గర, అపర్చర్ ఎఫ్/4 దగ్గర కట్టేయండి. చేతికి మిగిలేది ఐఎస్ఓ ఒక్కటే. ఆరు పాఠాల లెక్కలూ ఐఎస్ఓ తిప్పే ఈ ఒక్క చక్రం కోసమే.

మల్లెపూల గంప ఫ్రేమంతా నిండేలా పెట్టి, మీటర్ (వెలుతురు కొలిచి +, - చూపే గీత) సున్నా దగ్గర తీయండి. పూలు మాసిన పంచె రంగులో వస్తాయి. ఎదురుగా ఉన్నదాన్ని నడిమి బూడిదరంగుకి తేవడమే మీటర్ లెక్క. ఇప్పటి కెమెరాలు కొంత సర్దుకున్నా, ఫ్రేమంతా తెలుపే అయితే బోల్తా పడతాయి. మీటర్ గీత +1 మీద నిలిచేదాకా ఐఎస్ఓ పెంచండి, మల్లె మల్లెలా వస్తుంది. ఆ ఊళ్లోనే ఉన్న బసవనగుడి నంది విగ్రహానిది దీనికి తలకిందులు. నూనె పట్టి నిగనిగలాడే ఆ నల్లరాయి సున్నా దగ్గర దుమ్ముపట్టినట్టు వెలిసిపోతుంది, -1కి దించాలి. బంతిపూలు వేరే రకం. మొత్తం వెలుతురు సరిగానే కనిపిస్తుంది, లోపల ఎరుపు మాత్రం పొంగిపోయి రేకుల మడతలు ముద్దయిపోతాయి. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి ఎంత వెలుగ్గా ఉందో చూపే గ్రాఫు) ఎరుపు కుడి అంచుకి గుద్దుకుంటే ఒక స్టాపులో మూడింట రెండొంతులు తగ్గించండి.

స్క్రీన్ చూసి వెలుతురు తేల్చొద్దు. చీకట్లో అది ఎప్పుడూ ఉన్నదానికంటే వెలుగ్గా కనిపిస్తుంది.

అభ్యాసం: ముప్పై ఫోటోలు, ఒకే లెన్స్. నొక్కే ముందు ప్రతిసారీ +1 కావాలో -1 కావాలో కాగితం మీద రాయండి, ఆ తర్వాతే తీయండి. అంగడివాళ్లని అడిగి తీయండి, బేరం నడుస్తుంటే పక్కకి జరగండి. తప్పిన ఫోటో ఒక్కటి కూడా చెరపొద్దు. వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడదాం.