ఇల్లు పీకి పందిరేసిన జట్టు: జబ్బు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

2024లో నేను అభిమానించే అమెరికా బేస్‌బాల్ జట్టు షికాగో వైట్ సాక్స్ 162 మ్యాచ్‌లు ఆడి 121 ఓడింది. 1962లో కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్ 120 ఓడి పెట్టిన ఆధునిక కాలపు ఓటముల రికార్డును 62 ఏళ్ల తర్వాత మావాళ్లు చెరిపేశారు. మధ్యలో వరసగా 21 ఓటములు కూడా ఉన్నాయి.

చెత్త జట్లు ఎక్కడైనా ఉంటాయి. కానీ ఈ జట్టు 2016 డిసెంబర్‌లోనే రీబిల్డ్ మొదలుపెట్టింది. ఉన్న స్టార్లను అమ్మేస్తాం, కుర్రాళ్లను పోగేస్తాం, కొన్నాళ్లు ఓర్చుకోండి, ఆ తర్వాత ఏళ్ల తరబడి గెలుపే అన్నారు. ఓర్చుకున్నాం. ఎనిమిదో సీజన్‌లో చేతికొచ్చింది ఈ 121.

ఐపీఎల్ అలవాటైన మనకు ఈ ఓపిక కొత్త. 2008లో అట్టడుగున ఉన్న డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు కొట్టింది. 2023లో ఆఖరి స్థానంలో ఉన్న సన్‌రైజర్స్ 2024లో ఫైనల్ ఆడింది. ఒక వేలం, ఒక కొత్త కెప్టెన్ చాలు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. 18 ఏళ్ల కుర్రాణ్ణి తీసుకుంటే వాడు మైనర్ లీగ్ (కింది స్థాయి పోటీలు) మెట్లన్నీ ఎక్కి పైకి రావడానికి మామూలుగా నాలుగైదేళ్లు పడుతుంది. అందుకే ఫ్రంట్ ఆఫీస్ (ఎవర్ని కొనాలో, అమ్మాలో తేల్చే పైవాళ్లు) తప్పులు ముదిరాక గానీ బయటపడవు. తిట్టే ముందు చూడాల్సినవి మూడు: చెడింది అమ్మడంలోనా, పెంచడంలోనా, కొనడంలోనా? వైట్ సాక్స్ విషయంలో చాలామంది అమ్మడాన్నే తిడతారు. నా లెక్కలో వాళ్లు సరిగ్గా చేసిన పని అదొక్కటే.

లక్షణం: జట్టు వంద మ్యాచ్‌లు ఓడింది. ఇది ప్లానా, చేతగానితనమా తెలియడం లేదు

ఓటముల సంఖ్య చూస్తే తెలియదు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011, 2012, 2013లలో వరసగా 106, 107, 111 ఓడి 2017లో వరల్డ్ సిరీస్ (లీగ్ కప్పు) గెలిచింది. (ఆ గెలుపు వెనక ఎదుటి జట్టు సైగల్ని దొంగతనంగా పట్టుకున్న గొడవ ఉంది, అది వేరే కథ.) మా షికాగోలోనే ఉన్న ఇంకో జట్టు కబ్స్ 2012లో 101 ఓడి 2016లో కప్పు తెచ్చుకుంది, అదీ 108 ఏళ్ల తర్వాత.

ఏం చేయాలంటే, స్కోరు వదిలేసి ఆడుతున్న పేర్లు చదవండి. 2018లో వైట్ సాక్స్ సరిగ్గా 100 ఓడింది. కానీ మైదానంలో యోవాన్ మొంకాడా ఉన్నాడు, లూకస్ జియోలిటో ఉన్నాడు, టిమ్ ఆండర్సన్ ఉన్నాడు. వాళ్లు దెబ్బలు తింటూ నేర్చుకుంటున్నారు. ఆ మరుసటి ఏడు ఆండర్సన్ .335 సగటుతో బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక సగటు) కొట్టాడు. 2024లో ఓడినవాళ్లలో మాత్రం చాలామంది వేరే జట్లు వద్దనుకున్నాక తక్కువకు దొరికినవాళ్లు. రేపు ఉండబోయే కుర్రాడు ఓడితే అది ఫీజు. రేపు ఉండనివాడు ఓడితే అది ఉత్త ఓటమి.

లక్షణం: స్టార్‌ని అమ్మేశారు. బదులుగా వచ్చిన పేర్లు ఎవరికీ తెలియవు

2016 డిసెంబర్‌లో రెండు రోజుల్లో రెండు దెబ్బలు. క్రిస్ సేల్ బోస్టన్ వెళ్లిపోయాడు, మొంకాడా, మైఖేల్ కోపెక్ వచ్చారు. ఆడమ్ ఈటన్ వాషింగ్టన్ వెళ్లాడు, జియోలిటో, రేనాల్డో లోపెజ్, డేన్ డనింగ్ వచ్చారు. 2017 జులైలో హోసే కింటానాని ఏకంగా ఊళ్లో ఉన్న శత్రువు కబ్స్‌కే ఇచ్చి ఇలోయ్ హిమెనెజ్, డిలన్ సీస్‌లను తెచ్చారు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ఈ మార్కెట్‌కి సరిగ్గా సరిపోతుంది. కాంట్రాక్ట్ ఆఖరి ఏడాదిలో ఉన్న స్టార్‌కి పెద్దగా ఏమీ రాదు. సేల్‌ని అమ్మినప్పుడు అతనింకా మూడు సీజన్లు చవగ్గా దొరికే పరిస్థితి, అందుకే అంత ధర పలికింది. కాబట్టి ట్రేడ్ రోజున చూడాల్సింది పేర్లు కాదు, వెళ్లినవాడికి ఇంకా ఎన్నేళ్లున్నాయి అన్నది. వచ్చినవాళ్ల మీద తీర్పు మూడేళ్లు ఆగి చెప్పండి. సీస్ 2022లో సై యంగ్ (ఏటా మేటి పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, ఇచ్చే అవార్డు) ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. జియోలిటో 2020లో నో-హిట్టర్ (ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. ఇది దివాలా వ్యాపారమేం కాదు.

దివాలా వ్యాపారం ఎలా ఉంటుందో కూడా ఇదే జట్టు చూపించింది. రీబిల్డ్‌కి ఆరు నెలల ముందు, 2016 జూన్‌లో, సగం సీజన్ బండి లాగుదామని వయసైపోతున్న పిచర్ జేమ్స్ షీల్డ్స్‌ని తెచ్చుకుని ఒక 17 ఏళ్ల కుర్రాణ్ణి శాన్ డియేగోకి ఇచ్చేశారు. ఆ కుర్రాడి పేరు ఫెర్నాండో టాటిస్ జూనియర్. గెలవబోయే జట్టో కాదో తేల్చుకోని ఫ్రంట్ ఆఫీస్ చేసే తప్పు ఇది. అమ్మేవాళ్ల కంటే ఊగిసలాడేవాళ్లే ప్రమాదం.

లక్షణం: కుర్రాడు మైనర్స్‌లో చితక్కొడుతున్నాడు, అయినా పైకి పిలవడం లేదు

"ఫీల్డింగ్ ఇంకా మెరుగుపడాలి" అని జనరల్ మేనేజర్ చెబితే క్యాలెండర్ తీయండి. సీజన్ సుమారు 187 రోజులు. అందులో 172 రోజులు పైజట్టులో ఉంటే ఒక ఏడాది సర్వీసు. అలాంటివి ఆరు పూర్తయితే ఆటగాడికి నచ్చిన జట్టుకి వెళ్లే స్వేచ్ఛ. 2015లో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ని ఏప్రిల్ మధ్యలో పిలిచింది, అతనికి లెక్కతేలినవి 171 రోజులు. ఒక్క రోజు తక్కువ, జట్టుకి ఒక ఏడాది ఎక్కువ. అతను ఫిర్యాదు చేసి 2020లో ఓడిపోయాడు.

దీనికి మందు లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో కొంత వచ్చింది: రూకీ ఆఫ్ ద ఇయర్ (మేటి కొత్త ఆటగాడు) ఓటింగ్‌లో మొదటి ఇద్దరికీ ఎప్పుడొచ్చినా పూర్తి ఏడాది లెక్కే. వైట్ సాక్స్ ఇంకో దారి తొక్కింది. పైజట్టులో ఒక్క మ్యాచ్ ఆడకముందే హిమెనెజ్‌కి 4.3 కోట్ల డాలర్లు, లూయిస్ రాబర్ట్‌కి 5 కోట్లు రాసిచ్చి మొదటి రోజు నుంచే ఆడించింది. తెలివైన పనే.

లక్షణం: ప్రాస్పెక్ట్ (రేపటి స్టార్లు అనుకునే కుర్రాళ్ల) ర్యాంకుల్లో మనమే టాప్. మైదానంలో ఆ ఊపు కనబడదు

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ప్రాస్పెక్ట్ జాబితా చూసి మురిసిపోయే అభిమానికి నేను మొదట చెప్పే మాట ఇదే, 2018లో నేనూ అలాగే మురిసిపోయాను కాబట్టి.

గాయాలు ఒక కారణం. హిమెనెజ్ 2021 స్ప్రింగ్ ట్రైనింగ్‌లో (సీజన్ ముందు సన్నాహాలు) గోడ మీదికి చెయ్యి చాచి ఛాతీ కండరం చింపుకున్నాడు. రాబర్ట్ తుంటి దెబ్బతో అదే ఏడాది నెలల తరబడి కూర్చున్నాడు. కోపెక్‌కి మోచేతికి టామీ జాన్ సర్జరీ. దీన్ని దురదృష్టం అనుకుందాం.

రెండో కారణాన్ని దురదృష్టం అనలేం. 2018లో జియోలిటో ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ సగటున ఇచ్చే పరుగులు, తక్కువైతే మంచిది) 6.13, తగినన్ని ఇన్నింగ్స్ వేసిన పిచర్లందరిలోకీ అధమం. మరుసటి ఏడు 3.41తో ఆల్ స్టార్ అయ్యాడు. బాగుచేసింది ఎవరు? హైస్కూల్లో అతనికి కోచ్‌గా ఉన్న ఈథన్ కాట్జ్. క్లబ్‌లో అంతమంది కోచ్‌లుండగా కుర్రాడు పాత మాస్టారి దగ్గరికెళ్లి చేయి దిద్దించుకున్నాడన్నమాట. రెండేళ్ల తర్వాత వైట్ సాక్స్ ఆ కాట్జ్‌నే పిచింగ్ కోచ్‌గా పెట్టుకుంది, అది మంచిదే. బ్యాటర్ల సంగతి ఇంకా అన్యాయం. 2019 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మూడో పిక్‌గా తీసుకున్న ఆండ్రూ వాన్ ఇక్కడ ఏళ్ల తరబడి ఎదగలేదు. 2025 జూన్‌లో మిల్వాకీకి ఇచ్చేస్తే అక్కడ ఆ సీజన్ మిగతా భాగంలో .308 సగటుతో కొట్టాడు. మనిషి అదే, బ్యాటూ అదే.

ఈ జబ్బు పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీ జట్టు వదిలేసినవాళ్లు బయట బాగుపడుతున్నారా, లేక బయటివాళ్లు మీ దగ్గరికొచ్చి బాగుపడుతున్నారా? రెండేళ్లు రాసిపెట్టుకోండి. మొదటి జాబితా పొడుగ్గా ఉంటే ఇంకో నాలుగు ట్రేడ్‌లు చేసినా ఉపయోగం లేదు, మార్చాల్సింది కోచింగ్ విభాగాన్ని.

లక్షణం: కుర్రాళ్లు ఎదిగారు, గెలిచే సమయం వచ్చింది. పర్సు మాత్రం తెరుచుకోదు

అసలు జబ్బు ఇక్కడుంది.

2019 ఆరంభంలో స్టార్ ఆటగాడు మానీ మచాడో ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకైనా వెళ్లగలడు. వైట్ సాక్స్ అతని కోసం ఏం చేసిందో తెలుసా? అతని బావమరిది యాండర్ అలొన్సోని ట్రేడ్ చేసి తెచ్చుకుంది, స్నేహితుడు జాన్ జేని తెచ్చుకుంది. పెళ్లిసంబంధానికి చుట్టాల్ని పంపినట్టు! తీరా కట్నకానుకల దగ్గర 25 కోట్ల డాలర్లకు మించి ఖాయంగా ఇవ్వలేమన్నారు. శాన్ డియేగో పదేళ్లకు 30 కోట్లు ఇచ్చి తీసుకుపోయింది. బావమరిది మాత్రం మనింట్లో మిగిలిపోయాడు, సీజన్ మధ్యలో అతన్నీ వదిలేశారు.

ఆ డబ్బు ఎప్పుడో ఒకప్పుడు ఖర్చవుతుందని జనరల్ మేనేజర్ రిక్ హాన్ అప్పట్లో అన్నాడు. తర్వాత చూస్తే, జట్టు చరిత్రలోనే పెద్ద కాంట్రాక్ట్ 2023లో ఆండ్రూ బెనింటెండీకి ఇచ్చిన 7.5 కోట్లు. దేశంలో మూడో పెద్ద నగరంలో ఉన్న జట్టు 2025 సీజన్ ముగిసేదాకా 10 కోట్ల కాంట్రాక్ట్ ఒక్కటీ ఇవ్వలేదు. అదే ఊళ్లో కబ్స్ ఏం చేసింది? కుర్రాళ్లు పైకి వస్తున్నారని తెలియగానే 2014 డిసెంబర్‌లో జాన్ లెస్టర్‌కి 15.5 కోట్లు పెట్టింది. రెండేళ్లలో కప్పు.

ఈ జబ్బు కంటికి ఎక్కడ కనిపిస్తుందంటే, రైట్ ఫీల్డ్‌లో (మైదానంలో కుడివైపు దూరంగా ఉండే స్థానం). 2020లో అక్కడ నోమార్ మజారా, సీజన్ మొత్తానికి ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది). 2021లో తిరిగొచ్చిన ఆడమ్ ఈటన్, అవును, అయిదేళ్ల కిందట మనమే అమ్మిన ఈటన్, ఈసారి ముసలి ఈటన్. ఆ తర్వాత పుట్టుకతో ఫస్ట్ బేస్‌మన్ అయిన వాన్‌నీ, గావిన్ షీట్స్‌నీ అక్కడ నిలబెట్టారు. ఒక బంతి గాల్లోకి లేస్తే మా ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. అంతా చేసి ఖర్చు పెట్టింది దేనికయ్యా అంటే, లియామ్ హెండ్రిక్స్ లాంటి క్లోజర్ (మ్యాచ్ ఆఖర్లో వచ్చి గెలుపు కాపాడే పిచర్) ఉండగానే 2021 జులైలో కబ్స్ నుంచి క్రెయిగ్ కింబ్రెల్ అనే రెండో క్లోజర్‌కి. అందుకోసం రెండో బేస్‌లో ఆడే నిక్ మాడ్రిగల్‌ని ఇచ్చేశారు. వంటింట్లో బియ్యం నిండుకుంటే రెండో ఫ్రిజ్ కొన్నట్టు.

2020, 2021లలో వరసగా రెండేళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లాం, ఫ్రాంచైజీ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. రెండుసార్లూ మొదటి సిరీస్‌లోనే ఇంటికి. తర్వాత 81-81, ఆ తర్వాత 101 ఓటములు.

పరిష్కారం అభిమాని చేతిలో లేదు. గుర్తుపట్టడం మాత్రం చేతిలో ఉంది. జట్టు మొదటిసారి గెలుపోటములు సమానంగా తెచ్చుకున్న ఆ శీతాకాలంలో ఖాళీ స్థానాలు ఎవరితో నింపారో చూడండి. ఒక్క ఏడాది కాంట్రాక్టులే కనబడితే, ప్రాస్పెక్టులు ఎంత మంచివాళ్లైనా సరే, ఎక్కువ ఆశపడకండి.

లక్షణం: మేనేజర్ (మైదానంలో జట్టు నడిపేవాడు) నియామకం ఎవరికీ అర్థం కాలేదు

ఫ్రంట్ ఆఫీస్ పైన ఇంకెవరో నిర్ణయిస్తున్నారని అర్థం. 2020లో ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లిన రిక్ రెంటెరియాని తీసేసి, 2011 తర్వాత జట్టు నడపని 76 ఏళ్ల టోనీ లా రూసాని తెచ్చారు. 1986లో ఇదే క్లబ్ ఆయన్ని పంపించేసింది, ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్‌కి ఆ బాధ అలాగే ఉండిపోయింది. పాత బాకీ తీర్చుకున్నారు. లా రూసా హాల్ ఆఫ్ ఫేమర్, 2021లో 93 గెలిపించాడు కూడా, కాబట్టి ఆయన వల్లే మునిగామనను. కానీ ఎంపిక జరిగిన పద్ధతి చూశాక, రిక్ హాన్‌ని ఎంత తిట్టినా సగం తిట్లు చిరునామా తప్పాయని నాకు అర్థమైంది.

లక్షణం: ఇంత ఓడినా డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ రాలేదు

రూలు మారింది. అంతకుముందు అధమ జట్టుకే మొదటి పిక్, 2023 డ్రాఫ్ట్ నుంచి లాటరీ. పైగా ఆదాయం పంచుకునే లెక్కలో డబ్బు కట్టే వైపున్న జట్టుకి వరసగా రెండేళ్లు లాటరీ పిక్ ఇవ్వరు. 2024లో అయిదో పిక్ తీసుకున్నాం కాబట్టి, 121 ఓడిన తర్వాత మా వంతు పదోది. మూలిగే నక్క మీద తాటికాయ. ఆస్ట్రోస్ కాలంలో లాగా ఓడి మొదటి పిక్‌లు పోగేసే దారి మూసుకుపోయింది. దీన్ని ఎత్తుగడగా ఇంకా చెప్పే ఫ్రంట్ ఆఫీస్ ఉంటే నమ్మొద్దు.

లక్షణం: రీబిల్డ్ మీద మళ్లీ రీబిల్డ్

2023 ఆగస్టులో హాన్‌ని, అతని పై అధికారి కెన్ విలియమ్స్‌ని తీసేశారు. బయట వెతక్కుండా అదే నెలలో మైనర్ లీగ్ విభాగం చూసిన క్రిస్ గెట్జ్‌ని కూర్చోబెట్టారు. పెంచడంలో లోపమున్న జట్టు, పెంచే విభాగం పెద్దకే తాళాలిచ్చింది. నాకు ఒళ్లు మండింది. 2024 డిసెంబర్‌లో స్టార్ పిచర్ గారెట్ క్రోషేని అమ్మారు, అదీ మళ్లీ బోస్టన్‌కే. ఎనిమిదేళ్ల కిందట సేల్‌ని పంపిన దారిలోనే! అన్నట్టు, మావాళ్లు 121 ఓడిన ఏడాదే ఆ సేల్ అట్లాంటా తరఫున సై యంగ్ గెలిచాడు.

అయితే ఇక్కడ నేను కొంచెం వెనక్కి తగ్గాలి. 2025లో 102 ఓడినా పేర్లు మారాయి. క్రోషేకి బదులొచ్చిన కైల్ టీల్ క్యాచర్‌గా నిలదొక్కుకున్నాడు. రూల్ 5 డ్రాఫ్ట్‌లో (వేరే జట్టు చోటివ్వకుండా మైనర్స్‌లో ఉంచినవాళ్లను తీసుకునే పద్ధతి) మిల్వాకీ నుంచి లక్ష డాలర్లకు తెచ్చుకున్న షేన్ స్మిత్ ఆల్ స్టార్ అయ్యాడు. అన్నిటికంటే ముఖ్యం కోల్సన్ మాంట్‌గమరీ. ట్రిపుల్ ఏలో (మైనర్స్‌లో పైమెట్టు) బంతి తగలక తంటాలు పడుతున్న కుర్రాణ్ణి అరిజోనా పంపి, బ్యాటింగ్ డైరెక్టర్ రయన్ ఫుల్లర్ దగ్గర స్వింగ్ దిద్దించారు. జులైలో పైకొచ్చి 71 మ్యాచ్‌లలో 21 హోమ్ రన్లు కొట్టాడు. ఈసారి హైస్కూల్ మాస్టారు అక్కర్లేకపోయింది.

పర్సు సంగతి మాత్రం అలాగే ఉంది. 2025లో కుదిరిన ఒప్పందం ప్రకారం కాబోయే ఓనర్ జస్టిన్ ఇష్బియా చేతికి జట్టు పగ్గాలు 2029కి ముందు రావు, ఆ తర్వాత కూడా 2033 దాకా ఎప్పుడిచ్చేదీ రైన్స్‌డార్ఫ్ ఇష్టం. అంతవరకు ప్రతి మార్చిలో ఆటగాళ్ల జాబితా రాగానే నేను మాంట్‌గమరీ పేరు కోసం వెతకను. ముందు రైట్ ఫీల్డ్‌లో ఎవర్ని పెట్టారో చూస్తాను.