డ్యూటీ చేస్తూ జెనెటిక్స్ చదవాలంటే ముందు ఒక జీన్ పట్టుకోండి

విశాఖలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ మెషిన్ (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపేది) నా బాధ్యత. థలసీమియా, సికిల్ సెల్ శాంపిల్స్ నా చేతి మీదుగానే వెళ్తాయి. పాడేరు, అరకు వైపు నుంచి కూడా వస్తుంటాయి. షిఫ్ట్ ఉద్యోగం, స్కూలుకెళ్లే పిల్లలు, వీటి మధ్య ఆన్‌లైన్‌లో జెనెటిక్స్ ఎలా చదువుతున్నారు మేడం అని జూనియర్లు అడుగుతుంటారు. ఏ కోర్సులో చేరాలన్నది వాళ్ల మొదటి ప్రశ్న. నన్నడిగితే కోర్సు సంగతి తర్వాత, ముందు మీ పనిలో రోజూ తగిలే ఒక జీన్‌ను ఎంచుకోండి.

మనిషి జీనోమ్ అంటే దాదాపు 300 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు (ఏ, టీ, జీ, సీ), ప్రొటీన్ తయారుచేసే జీన్లే సుమారు 20 వేలు. మొదటి వీడియో నుంచి వరసగా పోతే మెండెల్ బఠానీలు దాటకముందే నైట్ షిఫ్ట్ పడుతుంది, చదువు అటకెక్కుతుంది. అదే మీ పనికి సంబంధించిన జీన్ అయితే డ్యూటీయే గుర్తు చేస్తుంది. నాది హెచ్‌బీబీ, హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే జీన్, సికిల్ సెల్ దీనిలోని మార్పుతోనే వస్తుంది. పిల్లల వార్డులో ఉన్నవాళ్లు జీ6పీడీ (లోపిస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి), క్యాన్సర్ విభాగం వాళ్లు బీఆర్‌సీఏ1 (రొమ్ము క్యాన్సర్ జీన్) తీసుకోవచ్చు.

ఆ జీన్‌ను ముందు ఓమిమ్‌లో (జీన్లు, వాటితో వచ్చే జబ్బుల జాబితా) వెతకండి. విక్టర్ మెక్యూసిక్ 1966లో పుస్తకంగా వేసిన జాబితాయే ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతోంది. అంతా చదవక్కర్లేదు. జబ్బు ఎలా సంక్రమిస్తుంది, లక్షణాలేంటి అన్న భాగాలు చాలు. తర్వాత క్లిన్‌వార్‌కు వెళ్లండి, ఏ వేరియంట్ (జీన్‌లో మార్పు) జబ్బు తెస్తుందో చెప్పే డేటాబేస్ అది. అక్కడ వేరియంట్ పక్కనే నక్షత్రాలుంటాయి. ఎన్ని ఎక్కువుంటే ఆ వర్గీకరణను అంత బాగా సరిచూశారన్నమాట. నక్షత్రం లేనిదాన్ని గుడ్డిగా నమ్మొద్దు.

అసలు చదువు యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్‌లో (జీనోమ్‌ను అక్షరం అక్షరంగా చూపే వెబ్‌సైట్) మొదలవుతుంది. సికిల్ సెల్‌లో జీ-ఏ-జీ మారి జీ-టీ-జీ అవుతుందని అందరం చదివాం. కానీ బ్రౌజర్‌లో ఆర్‌ఎస్‌334 (ఆ మార్పుకు ఇచ్చిన నంబర్) అని కొట్టి, అక్షరాలు కనిపించేదాకా జూమ్ చేస్తే సీ-టీ-సీ ఉంటుంది, సికిల్ సెల్‌లో మారేది మధ్యలోని ఈ టీ. తప్పు చోటికి వచ్చామేమోనని టెన్షన్ పడొద్దు. హెచ్‌బీబీ 11వ క్రోమోజోమ్‌లో రివర్స్ స్ట్రాండ్ (డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఒకటి) మీద ఉంటుంది, బ్రౌజర్ మామూలుగా చూపేది ఫార్వర్డ్ స్ట్రాండ్. సీకి జీ, టీకి ఏ జత రాసి కుడి నుంచి ఎడమకు చదవండి, జీ-ఏ-జీ వచ్చేస్తుంది.

ఇంకో చిక్కుంది. పాత పుస్తకాల్లో మారేది 6వ అమైనో ఆమ్లం, క్లిన్‌వార్‌లో 7వది. రెండూ ఒకటే. మొదట్లో వచ్చే మెథియోనిన్ తర్వాత తెగిపోతుంది కాబట్టి పాత లెక్కలో దాన్ని వదిలేశారు, ఇప్పుడు దాన్నీ కలుపుతున్నారు. క్లిన్‌వార్ పేరులో కనిపించే 20 ఏమిటంటారా? ఒక్కో అమైనో ఆమ్లానికి మూడు అక్షరాలు, దాన్నే కోడాన్ అంటారు. 7వ కోడాన్ అంటే 19, 20, 21 అక్షరాలు, మధ్యది 20. కాగితం మీద ఒకసారి వేసి చూసుకుంటే మళ్లీ మర్చిపోరు. మెషిన్‌లో ఎస్ విండోలో (సికిల్ హిమోగ్లోబిన్ కనిపించే చోట) పీక్ రాగానే రిపోర్ట్ రాసేస్తాం, దాని వెనక మారింది ఈ ఒక్క అక్షరమే.

మనవాళ్ల డేటా కూడా ఉంది. వివిధ దేశాల వాళ్ల జీనోమ్‌లు చదివిన 1000 జీనోమ్స్ ప్రాజెక్ట్‌లో ఐటీయూ అనే గ్రూపు బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లదే, 2015లో వచ్చిన మూడో దశలో 102 మంది. ఎన్‌సెంబుల్ అనే ఇంకో జీనోమ్ బ్రౌజర్‌లో ఆర్‌ఎస్‌4244285 తెరిచి, పాపులేషన్ జెనెటిక్స్ పేజీలో ఐటీయూ వరస చూడండి. స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ను శరీరంలో పనిచేసేలా మార్చే ఎంజైమ్ జీన్, సీవైపీ2సీ19లోని వేరియంట్ అది. దక్షిణాసియా వాళ్లలో ఆ జీన్ కాపీల్లో మూడో వంతుకు పైగా ఈ మార్పు ఉంటుంది. మార్పు ఉన్న కాపీ సరిగా పనిచేయదు.

పెడిగ్రీ (వంశవృక్షం చార్ట్) గీయడం మీ ఇంటితోనే మొదలుపెట్టండి. దగ్గరి బంధువులు పెళ్లి చేసుకుంటే జంట మధ్య రెండు గీతలు గీస్తారు. పాఠాల్లో ఎక్కువగా కజిన్స్ ఉదాహరణే ఉంటుంది, మన ఇళ్లలో మేనమామ పెళ్లిళ్లూ ఉన్నాయి. మేనబావను చేసుకుంటే పిల్లలకు ఎఫ్ విలువ (ఒక జీన్ రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం) 16లో 1, మేనమామను చేసుకుంటే 8లో 1. మా అత్తగారి వైపు చార్ట్ గీస్తే ఒక కాగితం సరిపోలేదు.

ఇంత చేశాక కోర్సులో చేరండి. ఈఎంబీఎల్-ఈబీఐ (యూరప్ బయోఇన్ఫర్మేటిక్స్ సంస్థ) పాఠాలు ఉచితం, ఎప్పుడైనా ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. షిఫ్టుల వాళ్లకు అదే మేలు. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటీఈఎల్‌లో చదువు ఉచితం, పరీక్షకే ఫీజు. కాకపోతే వారం వారం అసైన్‌మెంట్ల గడువుంటుంది, మార్కుల్లో 25 శాతం వాటివే. రోస్టర్ చూసుకుని చేరండి. వీడియోలు బస్సులో వినొచ్చు గానీ డేటాబేస్ పని మాత్రం ల్యాప్‌టాప్ ముందే, వారంలో ఒక పూట పూర్తిగా దానికే కేటాయించండి.

ప్రాక్టీస్ కోసం పేషెంట్ ఫైల్‌ను ఏ ఉచిత వెబ్‌సైట్‌లోనూ అప్‌లోడ్ చేయకండి. పేరు తీసేసినా సరే, జీనోమే మనిషి గుర్తింపు. గెలాక్సీ (జీనోమ్ డేటాను విశ్లేషించే ఉచిత వెబ్‌సైట్) లాంటి చోట పబ్లిక్ డేటాతోనే పని చేయండి.

ప్రమోషన్ కోసమే చదువుతుంటే ఆ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో మీ హెచ్‌ఆర్‌ను ఫీజు కట్టకముందే మెయిల్‌లో అడగండి. ఆన్‌లైన్ డిగ్రీ అయితే ఆ యూనివర్సిటీ పేరొక్కటే కాదు, ఆ ప్రోగ్రామ్ పేరు, మీరు చేరే సంవత్సరం కూడా యూజీసీ డెబ్ (దూరవిద్యా విభాగం) జాబితాలో ఉన్నాయేమో చూసుకోండి.