రైస్ మిల్లు పనివాళ్లకు కరెంటు జాగ్రత్తలు ఎలా నేర్పాలి?

సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలైతే మిర్యాలగూడ మిల్లులు రాత్రింబవళ్లు తిరుగుతాయి. అప్పుడు ఎవరికీ ఏదీ నేర్పలేం. వానాకాలం వడ్లకైతే అక్టోబరు రాకముందే, యాసంగికైతే ఏప్రిల్ రాకముందే ఒక పూట మిల్లు ఆపండి.

1. మిల్లంతా తిరగండి. ఎలక్ట్రీషియన్‌తో పాటు ఇద్దరు హమాలీలనూ వెంటబెట్టుకోండి. ఎలుకలు కొరికిన వైర్లు, తవుడు దుమ్ము పేరుకున్న స్టార్టర్ డబ్బాలు, వడ్లు నానబెట్టే తొట్ల దగ్గరి తడి నేల చూడండి. ఏ మిషన్ ముట్టుకుంటే జిల్లుమంటదో వాళ్లకు ముందే తెలుసు, అడిగేవాళ్లే ఉండరు. జిల్లుమన్నదంటే ఎక్కడో కరెంటు లీకవుతోంది, ఎర్తింగ్ సరిగా లేదు. దాన్ని బాగు చేయించాకే పాఠం మొదలుపెట్టండి.

2. వాళ్ల భాషలో చెప్పండి. బిహార్ నుంచి వచ్చిన హమాలీకి తెలుగు బోర్డు గోడ మీద రంగు మాత్రమే. హిందీ వచ్చిన మేస్త్రీతో చెప్పించండి.

3. తాళం వేయడం చేతులతో చేయించండి. అసలు శిక్షణ ఇదే, సగం పూట దీనికే ఇవ్వండి. మోటారు ఆపడం వేరు, కరెంటు తీయడం వేరు. స్టార్టర్‌లో ఎర్ర బటన్ నొక్కితే మోటారు ఆగుతుంది గానీ, లోపలికొచ్చే తీగల్లో 415 వోల్టులు అలాగే ఉంటాయి. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్లో కరెంటు ఆపేశామన్న అనుమతి) తీసుకోకుండా స్తంభం ఎక్కడు కదా, మిల్లులోనూ అదే పద్ధతి. వడ్లను పైకెత్తే ఎలివేటర్‌లో వడ్లు ఇరుక్కున్నాయనుకోండి: మెయిన్ ఆపాలి, దానికి తాళం వేయాలి, తాళంచెవి చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉండాలి. తర్వాత స్టార్ట్ నొక్కి చూడాలి. తిరగకపోతేనే చెయ్యి పెట్టాలి. తాళం వేసినవాడే తీయాలి, సేటు తొందరపెట్టినా సరే. ప్రతి ఒక్కరితో ఇది చేయించండి, చూపించి వదిలేయొద్దు.

ప్యానెల్ తెరిచే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌దే. అతనూ టెస్టర్‌ను నమ్మకుండా, వోల్టేజీ కొలిచే మీటర్‌ను ముందు కరెంటు ఉన్నచోట పరీక్షించి, తర్వాత మూడు ఫేజులూ చూసి, మళ్లీ ఉన్నచోట పెట్టి చూడాలి.

4. ఫ్యూజు మనిషిని కాపాడుతుందన్న భ్రమ పోగొట్టండి. 5 ఆంపియర్ల ఫ్యూజంటే 5000 మిల్లీఆంపియర్లు. మనిషి చెయ్యి బిగుసుకుపోవడానికి 10 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల చాలు. అందుకే గ్రైండర్, చేతి లైటు, హమాలీల గదుల్లో కూలర్ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) మీదే నడవాలి. దాని టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కించండి.

5. యార్డులో తలెత్తి చూడడం నేర్పండి. ఊక లోడు మీద నిలబడ్డవాడు ఇనుప పైపు ఎత్తితే పైన 11 కేవీ (11 వేల వోల్టుల) లైను ఉండొచ్చు. తీగ తెగిపడితే ఎవరూ దగ్గరికి పోకుండా చూసి 1912కు ఫోన్ చేయాలి.

6. షాక్ కొట్టినవాణ్ని కాపాడడం ఆడించి చూపండి. ముందు మెయిన్ ఆపాలి. అది దూరంగా ఉంటే, ఎండిన చెక్క మీద నిలబడి ఎండిన కర్రతోనే తప్పించాలి. హైటెన్షన్ లైను దగ్గర ఇదీ వద్దు. స్పృహ, ఊపిరి లేకపోతే ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా మరొకరు ఛాతీ మధ్యలో 5-6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100-120 సార్లు నొక్కాలి. అరికాళ్లు రుద్దుతూ కూర్చోవద్దు. లేచి నడిచినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, గుండె లయ తర్వాత తప్పొచ్చు.

సీజన్ మధ్యలో కొత్త బ్యాచ్ దిగితే బస్తా ఎత్తకముందే మూడో పని, అంటే తాళం వేయడం, మళ్లీ చేయించండి.