పటంలో ఊరిని చదవడం, 4వ పాఠం: ఓర్వియేతోకి నీళ్లెక్కడివి?

కాంటూరు రేఖలు, అంటే పటంలో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, దగ్గర దగ్గరగా ఉంటే నిటారు వాలు, ఎడంగా ఉంటే చదును నేల అని గత పాఠంలో చూశాం. కాగితం ముక్కతో అడ్డకోత (నేలని నిలువునా కోసి పక్క నుంచి చూస్తే కనిపించే బొమ్మ) గీసే అభ్యాసం చేయకుండా వచ్చినవాళ్లు ముందు అది పూర్తి చేయండి. ఇవాళ్టి పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

ఈసారి ఇటలీ వెళ్దాం. రోమ్‌కి ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, ఉంబ్రియా ప్రాంతంలో ఓర్వియేతో అనే కొండ మీది ఊరుంది. మ్యాపులో దాన్ని వెతికి, ఎత్తుపల్లాలు కనిపించేలా పెట్టుకోండి. ఊరికి తూర్పున పాల్యా నది పారుతుంది. నది దగ్గర నుంచి ఊరి నడిబొడ్డుకి ఒక గీత గీసి, అది దాటిన ప్రతి కాంటూరు రేఖనీ కాగితం అంచున గుర్తు పెట్టుకోండి.

నది దగ్గర గుర్తులు చాలా ఎడంగా వస్తాయి. తర్వాత ఒక మాదిరి దూరంలో వరసగా పడతాయి. ఊరి అంచు చేరగానే ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు గుంపుగా వస్తాయి. అది దాటాక ఖాళీ. లోయ కంటే దాదాపు 200 మీటర్ల ఎత్తులో, సముద్రమట్టానికి సుమారు 325 మీటర్ల దగ్గర, బల్ల పరిచినట్టున్న ఆ చదును మీదే ఊరంతా ఉంది.

రేఖల మధ్య దూరం ఉన్నట్టుండి మారిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టండి. వాలు అలా ఒక్కసారిగా మారితే, కింద రాయి మారిందేమోనని అనుమానించాలి. ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు పని ఇదే. ఓర్వియేతో విషయంలో ఆ అనుమానం నిజం. కింది వాలు బంకమన్ను. పైనున్న నిలువు గోడ టఫ్, అంటే అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడి ఏర్పడ్డ రాయి. నైరుతి దిక్కున కనిపించే బోల్సేనా సరస్సు కూడా ఆ అగ్నిపర్వతాలు మిగిల్చిన పల్లమే.

టఫ్ పనిముట్టుకి సులువుగా లొంగుతుంది, తవ్వినా కూలకుండా నిలబడుతుంది. వాన నీటిని లోపలికి ఇంకనిస్తుంది. బంకమన్ను ఇంకనివ్వదు. కాబట్టి కొండ మీద పడిన వాన టఫ్‌లోంచి దిగి, బంకమన్ను తగలగానే ఆగి, అంచుల్లో ఊటగా బయటికొస్తుంది. నిలువు గోడ అడుగున మీరు సున్నా చుట్టిన చోటు దగ్గరే ఆ ఊటలు ఉంటాయి.

ఇక చరిత్ర. శత్రువు ఎక్కలేని గోడ ప్రకృతే కట్టిపెట్టింది. నీళ్లు మాత్రం ఆ గోడ అడుగున ఉన్నాయి. కొండ మీది ఏ ఊరి పటం తీసినా నేను మొదట చూసేది నీళ్ల సంగతే. కోటలూ గుళ్లూ తర్వాత.

ఇక్కడ మొదట ఎట్రుస్కన్లు, అంటే రోమన్ల కంటే ముందు ఇటలీ నడిభాగంలో వెలిగిన జనం, ఉన్నారు. వాళ్ల వెల్జ్నా నగరం ఇదేనని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. టఫ్‌లోకి మనిషి పట్టేంత సన్నటి బావులు నిలువునా తవ్వి, దిగడానికి పక్కగోడల్లో కాలు పెట్టుకునే గుంటలు చెక్కారు. క్రీ.పూ. 264లో రోమన్లు ఈ నగరాన్ని ముట్టడించి నాశనం చేసి, మిగిలినవాళ్లని బోల్సేనా సరస్సు ఒడ్డుకి తరలించారు. ఇక్కడ మిగిలింది పాత ఊరు. లాటిన్లో 'ఊర్బ్స్ వేతుస్' అంటే పాత నగరం అనే అర్థం, అదే నోట్లో నలిగి ఓర్వియేతో అయింది. మన దగ్గర పాతూరు అనే పేర్లున్న ఊళ్లు ఎన్నో! ఊరి పేరు కూడా పటంలో చదవాల్సిన గుర్తే. ఆ పేరు కనిపిస్తే కొత్త ఊరు ఎక్కడుందో వెతకండి.

1527లో పవిత్ర రోమన్ చక్రవర్తి 5వ చార్లెస్ సైన్యం రోమ్‌ని దోచుకుంది. పోప్ 7వ క్లెమెంట్ ఏడాది చివర్లో తప్పించుకుని ఈ కొండెక్కాడు. మళ్లీ ముట్టడి వస్తే నీళ్లెలా అని భయం పట్టుకుంది. ఆంటోనియో ద సంగాల్లో అనే వాస్తుశిల్పికి బావి పని అప్పగించాడు. అది పూర్తయ్యేసరికి 1537 వచ్చింది, క్లెమెంట్ అప్పటికే చనిపోయాడు. దాన్ని ఇప్పుడు సెయింట్ పాట్రిక్ బావి అంటారు.

లోతు సుమారు 53 మీటర్లు, వెడల్పు 13 మీటర్లు. మన దిగుడు బావుల్లాగే ఇందులోకీ నడిచి దిగొచ్చు. గొప్పదనం మెట్లలో ఉంది. గోడ చుట్టూ మెలి తిరుగుతూ రెండు దారులు, ఒక్కోదానికి 248 మెట్లు. ఒకటి దిగడానికి, ఇంకొకటి ఎక్కడానికి. రెండూ ఎక్కడా కలవవు, అడుగున నీళ్ల మీద ఉన్న చిన్న వంతెన దగ్గర తప్ప. ఖాళీ కుండలతో దిగే కంచరగాడిదలకి, నిండు కుండలతో ఎక్కేవాటికి ఎదురుపడే గొడవే లేదు. గాడిద కాలికి అనువుగా మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా పెట్టారు. వెలుతురు కోసం నడిమి గోడకి 70 కిటికీలు. ఎంత గీసినా ఇంతకంటే చక్కటి అడ్డకోత నాకు దొరకలేదు.

టఫ్ మెత్తదనానికి ఇంకో పర్యవసానం ఉంది. ఊరి కింద దాదాపు 1200 గుహలు తవ్వారు. కొన్నింటి గోడల నిండా పావురాల గూళ్లే. అడుగున బంకమన్ను తడిసి జారితే పైనున్న టఫ్ అంచులు విరిగి పడతాయి. ఆ ప్రమాదం ఎంత పెద్దదంటే, ఓర్వియేతో కొండనీ, ఉంబ్రియాలోనే ఉన్న తోది అనే ఊరి కొండనీ నిలబెట్టడానికి 1978లో ఇటలీ పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసింది.

అభ్యాసం: మీ అడ్డకోతలో టఫ్‌కి ఒక రంగు, బంకమన్నుకి ఇంకో రంగు వేయండి. దాని మీద బావిని కొలత ప్రకారం నిలువు గీతగా దింపండి. గీత అడుగు రెండు రంగులు కలిసే చోటుకి దగ్గరగా వచ్చిందా? రాకపోతే నిలువు కొలత మళ్లీ సరిచూసుకోండి. తర్వాత ఓర్వియేతోకి దక్షిణాన చివితా ది బాన్యోరేజ్యో అనే చిన్న ఊరిని వెతికి, అక్కడా సున్నాలు చుట్టి ఉంచండి. అదే బంకమన్ను, అదే టఫ్, కానీ ఊరు చాలావరకు జారిపోయింది. 5వ పాఠం అక్కడ మొదలుపెడదాం.